రూ.245 కిట్.. రూ.600 ఎలా అయ్యింది? కరోనా టైమ్‌లో సర్కారు కొనుగోళ్ల వెనుక అసలు లెక్క ఇదీ!

చైనా నుంచి మన దేశానికి చేరేసరికి ఒక్కో ర్యాపిడ్ టెస్ట్ కిట్ ఖరీదు రూ.245. అదే కిట్‌కు ఐసీఎంఆర్ ఒప్పుకున్న రేటు రూ.600. 2020 ఏప్రిల్‌లో, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, ఢిల్లీ హైకోర్టులో నడిచిన ఓ కేసుతో ఈ లెక్క బయటపడింది. పెద్ద దుమారమే రేగింది. తీరా చూస్తే ఆ కిట్లు సరిగ్గా పనే చేయలేదు. ఆర్డర్ క్యాన్సిల్ అయ్యింది.

అంతా అయ్యాక కేంద్రం ఒక మాట చెప్పింది. ఈ వ్యవహారంలో ప్రభుత్వానికి ఒక్క రూపాయి కూడా నష్టం లేదని. రేటు ఎక్కువే, కిట్లు పనికిరాలేదు. అయినా డబ్బు మాత్రం పోలేదు. ఎలా? దానికి కారణం కొనుగోలు ఒప్పందంలోని ఒకే ఒక్క పాయింట్. అది లేని చోట ఏం జరిగిందో బ్రిటన్‌ను చూస్తే తెలుస్తుంది.

అసలేం జరిగింది?

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రపంచమంతా ఒకే మార్కెట్ మీద పడింది. మాస్కులు, పీపీఈ కిట్లు, వెంటిలేటర్లు, టెస్ట్ కిట్లు.. అన్నీ అందరికీ ఒకేసారి కావాలి. అమ్మేవాళ్లు మాత్రం కొద్దిమందే. అందులో చాలామంది చైనాలోనే ఉన్నారు.

అప్పట్లో కరోనా నిర్ధారణకు ఆర్‌టీ-పీసీఆర్ టెస్టే దిక్కు. దానికి ల్యాబ్ కావాలి, ట్రైనింగ్ ఉన్న సిబ్బంది కావాలి, రిజల్ట్‌కు గంటలు పట్టేది. అందుకే ర్యాపిడ్ యాంటీబాడీ కిట్ల వైపు ప్రభుత్వాలు చూశాయి. వేలి మీద చిన్న పోటు, ఒక్క రక్తపు చుక్క, నిమిషాల్లో ఫలితం. హాట్‌స్పాట్లలో వైరస్ ఎంత పాకిందో అంచనా వేయడానికి ఇవి పనికొస్తాయనేది ప్లాన్.

ఏప్రిల్ 16న చైనాలోని గ్వాంగ్‌ఝౌ నుంచి 6.5 లక్షల కిట్లు బయలుదేరాయి. వీటిలో ర్యాపిడ్ కిట్లతో పాటు ఆర్‌ఎన్‌ఏ ఎక్స్‌ట్రాక్షన్ కిట్లు కూడా ఉన్నాయి. రాష్ట్రాలకు పంపిణీ మొదలైంది. వారం తిరగకముందే గొడవ స్టార్ట్ అయ్యింది.

తేడా ఎక్కడ కొట్టింది?

ముందుగా చెప్పింది రాజస్థాన్. అప్పటికే పాజిటివ్ అని తేలిన పేషెంట్ల మీద ఈ కిట్లు వాడి చూశారు. 90 శాతం వరకు కరెక్ట్‌గా చూపిస్తాయనుకుంటే, 5.4 శాతమే చూపించాయని అప్పటి రాష్ట్ర ఆరోగ్య మంత్రి రఘు శర్మ ప్రకటించారు. అంటే వంద మంది పేషెంట్లను ముందు నిలబెడితే, ఆరుగురిని కూడా పట్టుకోలేదన్నమాట.

మిగతా రాష్ట్రాల నుంచీ ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి. ఆర్‌టీ-పీసీఆర్ పాజిటివ్ శాంపిళ్లతో పోల్చి చూస్తే ర్యాపిడ్ కిట్ల ఫలితాలు 6 శాతం నుంచి 71 శాతం మధ్య ఊగిసలాడుతున్నాయని ఐసీఎంఆర్ శాస్త్రవేత్త డాక్టర్ రామన్ గంగాఖేడ్కర్ చెప్పారు. ఏప్రిల్ 21న రెండు రోజుల పాటు ఈ టెస్టులు ఆపేయాలని రాష్ట్రాలకు ఐసీఎంఆర్ సూచించింది. ఏప్రిల్ 27న వాండ్‌ఫో, లివ్‌జాన్ అనే రెండు చైనా కంపెనీల కిట్లను వాడొద్దని, తిరిగి పంపాలని చెప్పేసింది.

కంపెనీలు మాత్రం ఒప్పుకోలేదు. తమ కిట్లు నాణ్యమైనవేనని, పుణేలోని ఎన్‌ఐవీ కూడా ముందే పరీక్షించిందని వాదించాయి. చైనా ఎంబసీ కూడా ఐసీఎంఆర్ నిర్ణయంపై ఆందోళన వ్యక్తం చేసింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. యాంటీబాడీలు శరీరంలో తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది. వైరస్ సోకిన తొలి రోజుల్లో ఎంత మంచి యాంటీబాడీ కిట్ అయినా నెగెటివ్ చూపించే ఛాన్స్ ఉంది. అయితే ఒక్కో చోట ఒక్కో రకంగా, ఇంత తేడాతో ఫలితాలు రావడమే అనుమానాలకు కారణమైంది.

రూ.245 కాస్తా రూ.600 ఎలా అయ్యింది?

దిగుమతి చేసుకున్న కంపెనీకి, మధ్యలో ఉన్న డిస్ట్రిబ్యూటర్లకు స్టాక్ విషయంలో గొడవ వచ్చింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. అక్కడే లెక్కలన్నీ బయటికొచ్చాయి. రవాణా ఖర్చు కలిపి కిట్ ఇక్కడికి చేరిన ధర రూ.245. చేతులు మారి ఐసీఎంఆర్ దగ్గరికి వచ్చేసరికి రూ.600.

మొత్తం ఆర్డర్ 5 లక్షల కిట్లు. రూ.600 చొప్పున లెక్కేస్తే రూ.30 కోట్లు. దిగుమతి ధర రూ.245 చొప్పున అయితే రూ.12.25 కోట్లు. మధ్యలో తేడా రూ.17.75 కోట్లు.

ఏప్రిల్ 24న జస్టిస్ నజ్మీ వజీరి ఇచ్చిన ఆదేశంలో, జీఎస్టీతో కలిపి రూ.400కు మించి ఈ కిట్లు అమ్మకూడదని స్పష్టం చేశారు. ప్రైవేటు లాభం కంటే ప్రజల ప్రయోజనమే ముఖ్యమని కోర్టు తేల్చింది. ఇందులో అసలు ట్విస్ట్ ఏంటంటే, కోర్టుకు వెళ్లింది ప్రభుత్వం కాదు. పంచాయితీ వ్యాపారులది. వాళ్లలో వాళ్లకు తేడా రాకపోయి ఉంటే, రూ.245 అనే అంకె అప్పుడు బయటికి వచ్చేదే కాదు.

డైరెక్ట్‌గా చైనా కంపెనీ నుంచే కొనొచ్చు కదా?

చాలామందికి వచ్చే డౌట్ ఇదే. మధ్యలో దళారులు ఎందుకు? దీనికి కేంద్రం ఏప్రిల్ 27న వివరణ ఇచ్చింది.

మొదటిసారి కొటేషన్లు పిలిస్తే ఎవరూ ముందుకు రాలేదు. రెండోసారి వాండ్‌ఫో కిట్‌కు నాలుగు బిడ్లు వచ్చాయి. రూ.1,204, రూ.1,200, రూ.844, రూ.600. అందరికంటే తక్కువ కోట్ చేసిన వాళ్లను ప్రభుత్వ భాషలో ఎల్-1 అంటారు. అలా రూ.600 బిడ్ ఓకే అయ్యింది. దేశంలో ఇలాంటి కిట్లు కొనడం అదే మొదటిసారి కాబట్టి, పోల్చి చూసుకోవడానికి వేరే రేటే లేదని కేంద్రం చెప్పింది.

మరోవైపు చైనాలోని మన కాన్సులేట్ ద్వారా వాండ్‌ఫో కంపెనీని డైరెక్ట్‌గా కూడా అడిగారు. కంపెనీ కొటేషన్ ఇచ్చింది కానీ అందులో నాలుగు చిక్కులున్నాయి. ఒకటి, మొత్తం డబ్బు 100 శాతం అడ్వాన్స్‌గా, ఎలాంటి గ్యారంటీ లేకుండా కట్టాలి. రెండు, సరుకును అక్కడ ఎక్కించే వరకే కంపెనీ పని, రవాణా తంటాలు కొనేవాళ్లవే. మూడు, ఎప్పటిలోగా ఇస్తారో హామీ లేదు. నాలుగు, రేటు డాలర్లలో ఉంటుంది, మారకం విలువ మారితే ఏంటన్నది లేదు.

అందుకే అడ్వాన్స్ అడగని ఇండియన్ ఏజెంట్ వైపు ఐసీఎంఆర్ మొగ్గింది. సరుకు వచ్చాక ఫీల్డ్‌లో మళ్లీ టెస్ట్ చేసింది. ఫెయిల్ అవ్వగానే క్యాన్సిల్ కొట్టింది. అప్పటికి ఒక్క రూపాయి కూడా చెల్లించలేదు కాబట్టి వెనక్కి రాబట్టుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

అంటే ఆ రూ.600లో కిట్ ఖరీదు మాత్రమే లేదు. కిట్ పనిచేయకపోతే ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలన్నది కూడా ఉంది. డైరెక్ట్‌గా కొని ఉంటే రిస్క్ మొత్తం ప్రభుత్వానిది. ఏజెంట్ దగ్గర కొనడంతో అది అమ్మేవాడి మీదకు వెళ్లింది. అలాగని రూ.600 న్యాయమైన రేటు అయిపోదు. రూ.400కే అమ్మాలని కోర్టు చెప్పాక, ఆ పైన ఉన్న రూ.200 అనవసరమేనని అర్థమవుతోంది. డబ్బు పోకుండా చూసుకోవడంలో ఐసీఎంఆర్ పాస్. రేటు బేరమాడటంలో మాత్రం కాదు.

అదే కంపెనీ.. బ్రిటన్‌లో సీన్ రివర్స్!

సరిగ్గా అదే సమయంలో బ్రిటన్ కూడా యాంటీబాడీ కిట్ల కోసం చైనాకే వెళ్లింది. ఆల్‌టెస్ట్, వాండ్‌ఫో అనే రెండు కంపెనీల నుంచి 20 లక్షల కిట్లు. ఖరీదు దాదాపు 2 కోట్ల డాలర్లు. షరతు ఏంటంటే, డబ్బు ముందే కట్టాలి. సరుకు చైనాకు వచ్చి తీసుకెళ్లాలి.

బ్రిటన్ ఒప్పుకుంది. కిట్లు వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ల్యాబ్‌లో పరీక్షిస్తే జనానికి ఇచ్చేంత కచ్చితత్వం లేదని తేలింది. కిట్లు గోదాముకే పరిమితమయ్యాయి. ఆ తర్వాత డబ్బు ఎలా రాబట్టాలా అని ప్రభుత్వం తల పట్టుకుంది. తమ కిట్ల వాడకాన్ని బ్రిటన్ అధికారులే సరిగ్గా అర్థం చేసుకోలేదన్నది కంపెనీల వాదన.

బ్రిటన్ కథ అక్కడితో ఆగలేదు. పీపీఈ కొనుగోళ్లలో మంత్రులు, ఎంపీలు, ఉన్నతాధికారులు సిఫార్సు చేసిన కంపెనీలకు ప్రత్యేక దారి పెట్టారు. జనం దానికి పెట్టిన పేరు ‘వీఐపీ లేన్’. ఆ దారిలో వచ్చిన 493 మంది సప్లయర్లలో 47 మందికి కాంట్రాక్టులు దక్కితే, మామూలు దారిలో వచ్చిన 14,892 మందిలో దక్కింది 104 మందికే అని అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2020 నవంబర్‌లో బయటపెట్టింది. ఈ ప్రత్యేక దారి చట్టవిరుద్ధమని 2022 జనవరిలో లండన్ హైకోర్టు తేల్చింది.

అలా కాంట్రాక్ట్ దక్కిన వాటిలో పీపీఈ మెడ్‌ప్రో ఒకటి. ఈ కంపెనీ ఇచ్చిన 2.5 కోట్ల సర్జికల్ గౌన్లు స్టెరైల్ ప్రమాణాలకు తగ్గట్టు లేవని, దాదాపు 12.2 కోట్ల పౌండ్లు ప్రభుత్వానికి తిరిగి కట్టాలని 2025 అక్టోబర్ 1న కోర్టు తీర్పు ఇచ్చింది. దానికి ఒక్క రోజు ముందే కంపెనీ దివాలా ప్రక్రియ వైపు అడుగేసింది. డబ్బు ముందే ఇచ్చేస్తే, ఐదేళ్ల తర్వాత కేసు గెలిచినా చేతికి వస్తుందన్న గ్యారంటీ లేదన్నమాట.

ఏపీలో రూ.730, ఛత్తీస్‌గఢ్‌లో రూ.337

ఈ రేట్ల రగడ మన దగ్గరా జరిగింది. 2020 ఏప్రిల్ 17న దక్షిణ కొరియా నుంచి లక్ష ర్యాపిడ్ కిట్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. అప్పటి సీఎం జగన్ తాడేపల్లి క్యాంపు ఆఫీసులో స్వయంగా టెస్ట్ చేయించుకుని వీటిని ప్రారంభించారు. రేటు రూ.730 ప్లస్ జీఎస్టీ.

కట్ చేస్తే, అదే కొరియా కంపెనీ కిట్లను రూ.337 ప్లస్ జీఎస్టీకే కొన్నామని ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య మంత్రి టీఎస్ సింగ్‌దేవ్ ట్వీట్ చేశారు. అంతే, ఏపీలో ప్రతిపక్షాలు విరుచుకుపడ్డాయి. ఏపీ కిట్లు కొరియా నుంచి దిగుమతి చేసుకున్నవి. ఛత్తీస్‌గఢ్ కొన్నవి హరియాణాలోని మానేసర్ ప్లాంట్‌లో తయారైనవి. తాము ఆర్డర్ ఇచ్చే సమయానికి ఇక్కడ తయారైన కిట్లు అందుబాటులో లేవన్నది ఏపీ ప్రభుత్వ వివరణ.

దాంతో పాటు మరో కీలక పాయింట్ చెప్పింది. వేరే ఎవరికైనా ఇంతకంటే తక్కువ రేటుకు ఇస్తే, తామూ ఆ తక్కువ రేటే చెల్లిస్తామని పర్చేజ్ ఆర్డర్‌లో ముందే షరతు పెట్టామని. ఆ ప్రకారమే తక్కువ ధర చెల్లిస్తామని తెలిపింది.

రేటు ఎంత ఉండాలో ఎవరికీ తెలియని టైమ్‌లో ఇలాంటి షరతు చాలా పనికొస్తుంది. ఈ రోజు తెలియని ధర నెల తర్వాత తెలియొచ్చు. అప్పుడు మాట మార్చుకునే వీలు కాగితం మీద ఉండాలి. ఐసీఎంఆర్ వివరణలో అడ్వాన్స్ లేదన్న మాట ఉంది కానీ, ఇలాంటి రేటు షరతు ప్రస్తావన మాత్రం లేదు.

కేరళలో కాగ్ ఏం తేల్చింది?

కరోనాను బాగా ఎదుర్కొన్న రాష్ట్రంగా కేరళకు పేరుంది. అక్కడా కొనుగోళ్ల మీద ప్రశ్నలు తప్పలేదు. 2025 జనవరిలో ఆ రాష్ట్ర అసెంబ్లీ ముందుకు వచ్చిన కాగ్ రిపోర్ట్ ప్రకారం, పీపీఈ కిట్ రూ.550కి ఇచ్చే సంస్థ ఉన్నా, మరో సంస్థ నుంచి రూ.1,550కి కొన్నారు. ఆ సంస్థకు 100 శాతం అడ్వాన్స్ కూడా ఇచ్చారు. మొత్తంగా పీపీఈ కిట్ల మీద రూ.10.23 కోట్లు అదనంగా ఖర్చయ్యిందని కాగ్ తేల్చింది. అప్పటి అత్యవసర పరిస్థితిలో సిబ్బంది ప్రాణాలు కాపాడటమే ముఖ్యమని, రేటు చూసే టైమ్ లేదని కేరళ ప్రభుత్వం సమర్థించుకుంది.

ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2020 మార్చిలో కొన్ని రాష్ట్రాల్లో డాక్టర్లు రెయిన్‌కోట్లు, హెల్మెట్లు వేసుకుని డ్యూటీ చేసిన పరిస్థితి. మూడు నెలలు టెండర్ నడిపి చౌకగా కొంటే, అప్పటికి కిట్ తొడుక్కోవాల్సిన నర్సే ఐసీయూలో ఉండొచ్చు. సమస్యల్లా తొందరపడి కొనడంలో లేదు. తొందరలో ఏ జాగ్రత్త వదిలేశారన్నదే అసలు ప్రశ్న.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్-2017 ఆధారం. రాష్ట్రాలకు సొంత నిబంధనలు ఉంటాయి. ఎమర్జెన్సీలో టెండర్ లేకుండా కొనడానికి ఈ రూల్స్‌లోనే దారి ఉంది. 166వ రూల్ ప్రకారం అత్యవసరమైతే ఒకే సంస్థ నుంచి నేరుగా కొనొచ్చు. కాకపోతే ఎందుకు అలా కొంటున్నారో ఫైల్‌లో రాయాలి. పై అధికారి ఆమోదం తీసుకోవాలి.

అడ్వాన్స్ సంగతి 172వ రూల్‌లో ఉంది. మామూలుగా సరుకు అందాకే డబ్బు. తప్పనిసరై అడ్వాన్స్ ఇవ్వాల్సి వస్తే ప్రైవేటు సంస్థకు సాధారణంగా 30 శాతం మించకూడదు. ప్రభుత్వ సంస్థలకైతే 40 శాతం. దానికి బ్యాంక్ గ్యారంటీ లాంటి భద్రత తీసుకోవాలి. అంటే ఎమర్జెన్సీ వచ్చిందని రూల్స్ బుక్ పక్కన పడేయాల్సిన పనిలేదు. ఎమర్జెన్సీ కోసం రాసిన పేజీ అందులోనే ఉంది.

కొంటే సరిపోతుందా?

సరిపోదు. పీపీఈ కిట్లే చూడండి. 2020 మొదట్లో దేశంలో ఈ కవరాల్స్ తయారీ దాదాపు లేదు. మే నెలలోనే రోజుకు 4.5 లక్షలకు పైగా తయారయ్యే స్థాయికి చేరాం. ఇక్కడ కేంద్రం తరఫున కొన్నది హెచ్‌ఎల్‌ఎల్ లైఫ్‌కేర్. కోయంబత్తూరులోని సిట్రా లాంటి ల్యాబ్‌లలో సింథటిక్ బ్లడ్ టెస్ట్ పాసైతేనే తీసుకున్నారు. రక్తం లాంటి ద్రవం బట్టలోంచి లోపలికి దిగుతుందా లేదా అని చూసే పరీక్ష ఇది. ముందు టెస్ట్, తర్వాతే ఆర్డర్.

వెంటిలేటర్ల కథ వేరు. పీఎం కేర్స్ నిధి నుంచి రూ.2,000 కోట్లతో 50 వేల వెంటిలేటర్లు ఆర్డర్ చేశారు. ఇందులో 30 వేలు భారత్ ఎలక్ట్రానిక్స్‌కు, 9,650 విశాఖలోని ఏపీ మెడ్‌టెక్ జోన్‌కు దక్కాయి. సెకండ్ వేవ్‌లో జనం వెంటిలేటర్ బెడ్ల కోసం పరుగులు పెడుతుంటే, కొన్ని ఆస్పత్రుల్లో ఇవి సరిగ్గా పనిచేయట్లేదని, కొన్ని చోట్ల అసలు బిగించనే లేదని వార్తలొచ్చాయి. దీంతో 2021 మే 15న వీటి ఇన్‌స్టలేషన్, పనితీరుపై వెంటనే ఆడిట్ చేయాలని ప్రధాని మోదీ ఆదేశించారు. మెషీన్ కొనడం సగం పనే. బిగించడం, సిబ్బందికి నేర్పడం, రిపేర్ వస్తే ఎవరు చూడాలన్నది కూడా ఆర్డర్‌లోనే ఉండాలి.

ఎవరు కొనాలి? కేంద్రమా, రాష్ట్రాలా?

వ్యాక్సిన్ల టైమ్‌లో ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. 2021 మే 1 నుంచి రాష్ట్రాలే సొంతంగా టీకాలు కొనుక్కోవాలన్నారు. అదే కొవిషీల్డ్ కేంద్రానికి రూ.150, రాష్ట్రాలకు రూ.300. కొవాగ్జిన్ రాష్ట్రాలకు రూ.400. ఏపీ, తెలంగాణ చెరో కోటి డోసుల కోసం గ్లోబల్ టెండర్లు పిలిచాయి. జూన్ మొదటి వారంలో గడువు ముగిసేసరికి రెండు చోట్లా ఒక్క బిడ్ కూడా రాలేదు. విదేశీ కంపెనీలేమో కేంద్రంతోనే మాట్లాడతామన్నాయి. చివరికి జూన్ 7న ప్రధాని రూట్ మార్చారు. 75 శాతం టీకాలు కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇస్తుందని ప్రకటించారు.

ఒకే సరుకు కోసం అన్ని రాష్ట్రాలూ విడివిడిగా వెళ్తే, బేరంలో పైచేయి అమ్మేవాడిదే. అందరూ కలిసి వెళ్తే కొనేవాడిది.

మళ్లీ ఇలాంటి పరిస్థితి వస్తే ఏం అడగాలి?

ప్రభుత్వం ‘లక్ష కిట్లు కొన్నాం’ అని ప్రకటించగానే ఈ ఐదు ప్రశ్నలు వేస్తే సగం విషయం తెలిసిపోతుంది.

1. డబ్బు ఎప్పుడిస్తున్నారు? సరుకు రాకముందా, టెస్ట్ అయ్యాకా?
2. దిగుమతి ధర ఎంతో అమ్మేవాళ్లు కాగితం మీద చెప్పారా?
3. వేరే రాష్ట్రానికి తక్కువకు ఇస్తే మనకూ తగ్గించాలన్న షరతు ఉందా?
4. వచ్చిన సరుకును స్వతంత్ర ల్యాబ్‌లో పరీక్షిస్తున్నారా? ఫెయిలైతే ఎవరు భరిస్తారు?
5. టెండర్ లేకుండా కొంటే, కారణం ఫైల్‌లో రాశారా?

ఈ సమాధానాలు రాబట్టడానికి కోర్టుకే వెళ్లక్కర్లేదు. సమాచార హక్కు చట్టం-2005 కింద పర్చేజ్ ఆర్డర్ కాపీ అడగొచ్చు. కేంద్ర శాఖలకైతే ఫీజు రూ.10. 30 రోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. అసలు ప్రభుత్వ సంస్థలు చాలా సమాచారాన్ని అడగకముందే బయటపెట్టాలని ఇదే చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది.

2020లో రూ.245 సంగతి ఇద్దరు వ్యాపారుల గొడవ వల్ల బయటపడింది. ఈసారి అలాంటి గొడవ జరిగే వరకు ఆగాల్సిన పని లేదు. ఆర్డర్ ఇచ్చిన రోజే రేటు, షరతులు వెబ్‌సైట్‌లో పెడితే చాలు. పక్క రాష్ట్రం వాళ్లే చూసి చెబుతారు, ఎక్కువ ఇస్తున్నారో లేదో.